కూడేరు దారి, ఎదురుగాలి, నా సైకిలు

అనంతపురం నుండి ఉరవకొండ వైపు వెళ్ళే రోడ్డు మీద, కూడేరుకు ఇవతల, ఒక కల్వర్టు గోడకు నేను సుద్దతో గీసిన గీత ఉంది. వాన తక్కువ జిల్లా గనుక అది నెలల తరబడి చెరగదు. చెరిగినప్పుడు మళ్ళీ గీస్తాను. ఆ గీత దగ్గర గడియారం నొక్కి, పడమరగా 10 కిలోమీటర్లు వెళ్ళి, వెనుదిరిగి అదే గీత దగ్గరికి చేరడం మూడేళ్ళుగా నా సాధన. ఉన్నత పాఠశాలలో గణితం చెప్పే నేను 39వ ఏట సైకిలు పందేల్లోకి దిగాను. ఏ భాగం కొన్నాను, ఎందుకు కొన్నాను, దానివల్ల కాలంలో ఎంత తేడా వచ్చింది అన్న వివరాలన్నీ ఒక నోటు పుస్తకంలో రాసుకుంటూ వచ్చాను. మా ఊళ్ళో ఈమధ్య రోడ్డు సైకిళ్ళు కొంటున్న యువకులు ఎవరిని కలిసినా మొదట అడిగేది సైకిలు బరువు ఎంత అనే. నేను కూడా అదే అడిగి, అదే నమ్మి, రెండేళ్ళు తప్పుదారిలో డబ్బు ఖర్చు చేశాను. అందుకే ఈ అనుభవాన్ని కొంత విపులంగా రాస్తున్నాను.

మొదటి రోడ్డు సైకిలును బెంగళూరులోని ఒక దుకాణంలో కొన్నాను. అల్యూమినియం ఫ్రేము, ముందు రెండు, వెనుక ఎనిమిది పళ్ళచక్రాలు ఉన్న షిమానో క్లారిస్ గేర్లు, 25 మిల్లీమీటర్ల టైర్లు, మొత్తం 9.8 కిలోలు. నా ఎత్తుకు 54 సైజు ఫ్రేము కావాలి. దుకాణంలో 56 మాత్రమే మిగిలి ఉంది. “రెండు సెంటీమీటర్లే కదా సార్, అలవాటైపోతుంది” అని వారు చెప్పిన మాటను నేను నమ్మాను. అది అలవాటు కాలేదు. హ్యాండిల్ అందుకోవడానికి భుజాలు సాగదీసి తొక్కవలసి రావడంతో 30 కిలోమీటర్లు దాటగానే మెడ పట్టేసేది. చివరకు హ్యాండిల్‌ను ఫ్రేముకు కలిపే 110 మిల్లీమీటర్ల స్టెమ్ము తీసేసి 90 మిల్లీమీటర్లది వేయించుకున్నాక ఆ నొప్పి చాలావరకు తగ్గింది. కొత్తగా కొనేవారికి నేను చెప్పే మొదటి మాట ఇది: గేర్లు ఒక మెట్టు తక్కువవైనా ఫరవాలేదు గానీ, ఫ్రేము సైజు విషయంలో సర్దుబాటుకు ఒప్పుకోవద్దు. గేర్లు తరువాత మార్చుకోవచ్చు. ఫ్రేము మార్చడమంటే సైకిలే మార్చడం.

ఆరు నెలలు తిరగకముందే బెంగళూరు పొలిమేరల్లో ఔత్సాహికుల కోసం జరిగే 40 కిలోమీటర్ల టైమ్ ట్రయల్‌కు పేరు ఇచ్చాను. తెలియనివారి కోసం చెప్పాలంటే, టైమ్ ట్రయల్‌లో అందరూ ఒకేసారి బయలుదేరరు. ఒక్కొక్కరినీ నిర్ణీత వ్యవధిలో వదులుతారు. మరొకరి వెనుక నక్కి గాలి తప్పించుకుంటూ తొక్కడం నిషేధం. ఎవరి గాలిని వారే చీల్చుకోవాలి. ఏ పరికరం ఎంత పని చేస్తుందో తెలుసుకోవడానికి ఇంతకంటే నిక్కచ్చి పరీక్ష నాకు తెలియదు.

ఆ పందేనికి నేను సిద్ధమైన తీరు తలుచుకుంటే ఇప్పటికీ బాధ కలుగుతుంది. కార్బన్ రిమ్ములు ఉంటే వేగం పెరుగుతుందని విని, ఒక మిత్రుడి దగ్గర రిమ్ము 60 మిల్లీమీటర్ల లోతున్న చక్రాలు అరువు తెచ్చుకున్నాను. ముంజేతులు ఆనించి ముందుకు వంగి తొక్కే ఏరోబార్లను పందేనికి ముందురోజు రాత్రి బస చేసిన గదిలో బిగించుకున్నాను. టైర్లలో చదరపు అంగుళానికి 120 పౌండ్ల గాలి కొట్టాను. వీటిలో ఏ ఒక్కదానినీ కూడేరు దారిలో ఒక్కసారైనా పరీక్షించలేదు.

ఉదయం ఆరు గంటలు దాటిన కాసేపటికి నా వంతు వచ్చింది. వెనుక నుండి సీటు పట్టుకున్న కార్యకర్త ఐదు నుండి ఒకటి దాకా వెనక్కి లెక్కపెట్టి వదిలాడు. మొదటి 10 కిలోమీటర్లు 17 నిమిషాల 30 సెకన్లలో పూర్తయ్యాయి. అంటే గంటకు 34 కిలోమీటర్లకు పైగా. సాధనలో ఎన్నడూ చూడని వేగం అది. ఆ ఉత్సాహంలో, ఆ వేగాన్ని గంటకు పైగా నిలబెట్టగలనా అన్న ప్రశ్న నాకు తోచనే లేదు. తరువాత రోడ్డు బహిరంగ పొలాల మధ్యకు వచ్చింది, పక్కగాలి మొదలైంది. లోతైన ముందు రిమ్మును గాలి తెరచాపలాగా పట్టుకుని హ్యాండిల్‌ను ఒక పక్కకు లాగసాగింది. ఏరోబార్ల మీద చేతులు దగ్గరగా ఉంటాయి గనుక ఆ లాగుడును అదుపు చేసే పట్టు ఉండదు. ఎదురుగా లారీ దాటిన ప్రతిసారీ సైకిలు ఒక అడుగు జరిగేది. భయంతో బార్లు వదిలి బ్రేకుల మీద చేతులు వేసి నిటారుగా కూర్చుని తొక్కాను. అంటే చక్రాల వల్ల కలిసివచ్చిన కాస్త లాభాన్నీ గాలికి అడ్డుపడిన నా ఛాతీయే మింగేసింది. చివరి 10 కిలోమీటర్లకు 22 నిమిషాల 40 సెకన్లు పట్టింది. మొత్తం 1 గంట 19 నిమిషాల 12 సెకన్లు. మామూలు చక్రాలతో, ఏరోబార్లు లేకుండా తొక్కిన వారు చాలామంది నాకంటే ముందున్నారు. అలా తొక్కేవారికి టైమ్ ట్రయళ్ళలో విడిగా ఒక విభాగం ఉంటుంది, దానిని మెర్క్స్ విభాగం అంటారు. బెల్జియం పందెగాడు ఎడ్డీ మెర్క్స్ 1972లో మెక్సికో నగరంలో ఏరోబార్లు లేని మామూలు వంపు హ్యాండిల్‌తోనే ఒక గంటలో 49.431 కిలోమీటర్లు తొక్కాడు. ఆ సంగతి తెలిశాక చక్రాల మీద నాకున్న భ్రమ సగం తొలగింది.

మిగిలిన సగాన్ని మా పాతవూరులో సైకిలు షాపు నడిపే పెద్దాయన తొలగించాడు. నలభై ఏళ్ళుగా పాల సైకిళ్ళకూ, బడి పిల్లల సైకిళ్ళకూ బెండు తీస్తున్న మనిషి ఆయన. అరువు చక్రాలు తిరిగి ఇచ్చేసి, నా పాత చక్రాలకు బెండు తీయించుకోవడానికి వెళ్ళినప్పుడు, టైరును బొటనవేలితో నొక్కి చూసి ఇలా అన్నాడు:

“ఏం సార్, టైరును రాయి మాదిరి చేసినారే! ఇంత గాలి కొడితే బండి ఎగురుతాది గానీ ముందుకు పోదు.”

“గట్టిగా ఉంటేనే వేగంగా పోతుంది కదన్నా?”

“గాజు మీదైతే పోతాది సార్. మన రోడ్డు గాజు మాదిరి ఉందా?”

ఆయన చెప్పినది నూటికి నూరుపాళ్ళు నిజమని తేలడానికి నాకు నాలుగు ఆదివారాలు పట్టింది. టైరు గట్టిగా ఉన్నకొద్దీ నున్నటి తలం మీద దాని ఒరిపిడి తగ్గుతుంది, ఇది నిజమే. కానీ కంకర తేలిన తారు రోడ్డు మీద గట్టి టైరు ప్రతి రాయికీ సైకిలును, దాని మీది మనిషిని కూడా పైకి ఎత్తి కింద పడేస్తుంది. ముందుకు పోవలసిన శక్తి అలా ఒంటి అదురుగా మారి వృథా అవుతుంది. కాస్త మెత్తని, వెడల్పైన టైరైతే రాయిని తనలో ఇముడ్చుకుని దొర్లిపోతుంది. ఈ కారణంగానే ఒకప్పుడు 23 మిల్లీమీటర్ల టైర్లు వాడిన పందెగాళ్ళు ఇప్పుడు 28కీ, అంతకంటే వెడల్పు టైర్లకూ మారారు.

చదివినది నమ్మడం వేరు, మన రోడ్డు మీద కొలిచి చూడడం వేరు. కూడేరు దారిలో ఒక మిట్ట ఉంది. దాని నెత్తి మీద సైకిలును నిలిపి, పెడలు తొక్కకుండా వదిలితే వాలు దిగి, చదును మీద దొర్లి దొర్లి ఒకచోట ఆగుతుంది. ఎంత దూరం దొర్లితే ఒరిపిడి అంత తక్కువన్నమాట. గాలి లేవకముందు, తెల్లవారుజామున ఐదున్నరకు వెళ్ళి, అవే బట్టలు, అదే భంగిమ, ప్రతి అమరికకూ ఐదేసి సార్లు చొప్పున దొర్లి, ఆగినచోట సుద్దతో గుర్తు పెట్టి, 30 మీటర్ల టేపుతో కొలిచాను. మేకలను తోలుకుపోతున్న ఒక పెద్దమనిషి చాలాసేపు చూసి, “ఏమప్పా, తొక్కకుండా ఊరికే పోతాండావు, చైను తెగిందా?” అని సాయం చేయడానికి దగ్గరికి వచ్చాడు. విషయం వివరించాక టేపు రెండో కొస ఆయనే పట్టుకున్నాడు.

25 మిల్లీమీటర్ల టైరు 110 పౌండ్ల గాలితో సగటున 412 మీటర్లు దొర్లింది. అదే టైరులో గాలిని 90కి తగ్గిస్తే 431 మీటర్లు వచ్చింది. 28 మిల్లీమీటర్ల టైర్లు వేసి 75 పౌండ్లు పెట్టినప్పుడు 455 వచ్చింది. 60కి దించితే 449కి తగ్గింది. అంటే గాలి తగ్గించడానికీ ఒక హద్దు ఉంది. నా బరువుకు, ఆ రోడ్డుకు, ఆ హద్దు ముందు చక్రానికి 70, వెనుక చక్రానికి 75 దగ్గర ఉంది. శరీరం బరువు ఎక్కువగా ఉన్నవారు ఇంకాస్త పెంచుకోవాలి. ఈ రెండు టైర్లకూ ఖర్చైన డబ్బు కార్బన్ చక్రాల ధరలో పదో వంతు కూడా కాదు. అయితే నా ఫ్రేములో 28 టైరు వేశాక బ్రేకుకూ టైరుకూ నడుమ 3 మిల్లీమీటర్ల సందు మాత్రమే మిగిలింది. పాత ఫ్రేములున్నవారు కొనేముందు ఆ సందు కొలుచుకోవడం అవసరం.

టైర్ల గురించి చెబుతూ పల్లేరు కాయల మాట ఎత్తకపోతే మా జిల్లా వారు నన్ను క్షమించరు. చేలగట్ల నుండి రోడ్డు అంచులోకి పాకే ఆ తీగకు కాసే కాయ ఎలా పడినా ఒక ముల్లు పైకి చూస్తూనే ఉంటుంది. మొదటి ఏడాది నేను వేసిన పంక్చర్లలో చాలా వాటికి కారణం అదే. టైరుకూ ట్యూబుకూ మధ్య వేసే ప్లాస్టిక్ పట్టీ వేస్తే పంక్చర్లు దాదాపు నిలిచిపోయాయి, కానీ దొర్లే దూరం 20 మీటర్లకు పైగా తగ్గింది. అందుచేత సాధనకు పట్టీతో ఒక జత పాత టైర్లు, పందేనికి పట్టీ లేని ఒక జత కొత్త టైర్లు పెట్టుకున్నాను. రోడ్డు అంచు విడిచి ఒక మూర లోపలికి తొక్కడం అన్నిటికంటే మంచి రక్షణ. ముల్లు దిగిందని అనుమానం వస్తే ఆగి, అరచేతితో టైరును నిమిరి తీసేయాలి. అది ఒక్క చుట్టులో ట్యూబు దాకా చేరదు. పది చుట్లలో చేరుతుంది.

తరువాత భంగిమ సంగతి. సమతలం మీద గంటకు 30 కిలోమీటర్లు దాటిన తరువాత మనం పెట్టే శక్తిలో అధిక భాగం గాలిని తోయడానికే సరిపోతుంది. ఆ గాలికి అడ్డుపడేది ప్రధానంగా సైకిలు కాదు, దాని మీది మనిషి. పైగా అవసరమయ్యే శక్తి వేగానికి ఘనపు నిష్పత్తిలో పెరుగుతుంది. 30 నుండి 33కు చేరడమంటే పదో వంతు పెరుగుదలే అనిపిస్తుంది గాని, 1.1ని మూడుసార్లు గుణించి చూస్తే శక్తి మూడో వంతు పెరగాలని తేలుతుంది. నలభై ఏళ్ళ మనిషి కాళ్ళకు మూడో వంతు అదనపు బలం ఒక ఏడాదిలో రాదు. కాబట్టి బలం పెంచుకోవడం కంటే అడ్డు తగ్గించుకోవడం దగ్గరి దారి. ఫ్రాన్స్‌లో రోజుల తరబడి సాగే టూర్ డి ఫ్రాన్స్ సైకిలు పందెంలో, 1989లో, చివరి రోజు వర్సాయ్ నుండి పారిస్‌కు 24.5 కిలోమీటర్ల టైమ్ ట్రయల్ జరిగింది. అప్పటికి అమెరికా పందెగాడు గ్రెగ్ లెమాండ్, మొదటి స్థానంలో ఉన్న ఫ్రాన్స్ పందెగాడు లోరాఁ ఫిన్యోఁ కంటే 50 సెకన్లు వెనుకబడి ఉన్నాడు. ముంజేతులు ఆనించే బార్లు వాడి, గంటకు 54.5 కిలోమీటర్ల సగటుతో తొక్కి, మొత్తం టూర్‌ను 8 సెకన్ల తేడాతో గెలిచాడు. ఓడిన ఫిన్యోఁ ఆ బార్లు వాడలేదు, తలకు హెల్మెట్ కూడా లేదు. ఏరోబార్ల విలువ ఎంతో చెప్పడానికి ఇంతకు మించిన ఉదాహరణ లేదు. అయితే లెమాండ్ వాటి మీద మడిచిపెట్టినట్టు కదలకుండా కూర్చోగలిగాడు. నేను ముందురోజు రాత్రి బిగించుకుని, పక్కగాలికి భయపడి లేచి కూర్చున్నాను. వస్తువు ఒకటే.

అందువల్ల ఈసారి మొదట సీటు ఎత్తు సరిచేసుకున్నాను. గోడకు వీపు ఆనించి, చెప్పులు లేకుండా నిలబడి, లావుపాటి పుస్తకాన్ని కాళ్ళ సందున పైకి గట్టిగా నొక్కిపట్టుకుంటే మా ఆవిడ నేల నుండి పుస్తకం అంచుకు కొలిచింది. 80 సెంటీమీటర్లు వచ్చింది. దానిని 0.883తో గుణిస్తే 70.6. పెడళ్ళను తిప్పే క్రాంకు ఇరుసు మధ్య నుండి సీటు పైభాగానికి ఉండవలసిన దూరం అది. నా సీటు 68 దగ్గర ఉంది. ఒక్కసారిగా పెంచితే మోకాలి వెనుక నరాలు పట్టేస్తాయి గనుక వారానికి ఐదు మిల్లీమీటర్ల చొప్పున పెంచుతూ వెళ్ళాను. 70.2 దగ్గర తుంటి అటూ ఇటూ ఊగడం మొదలయ్యే ముందు ఆపేశాను. సూత్రం దగ్గరికి చేరుస్తుంది; చివరి నాలుగు మిల్లీమీటర్లు ఒంటికి వదిలిపెట్టాలి. ఆ తరువాత ఏరోబార్లు బిగించి, మొదటి వారం ఐదు నిమిషాలు, తరువాతి వారం పది నిమిషాలు, అలా రెండు నెలల్లో 40 నిమిషాలు వాటి మీద నుండి లేవకుండా తొక్కగలిగాను. మెడ, నడుము అందుకు ఒప్పుకోవడానికి అంతకాలం పట్టింది. మోచేతుల మధ్య దూరాన్ని మరీ తగ్గిస్తే ఊపిరి అందేది కాదు. ఒక్కొక్క దానిని రెండేసి సెంటీమీటర్లు బయటికి జరిపాక కుదురుకుంది.

ఇక గాలి. జూన్ నుండి ఆగస్టు దాకా మా జిల్లాలో వీచే పడమటి గాలిని చూడనివారికి వర్ణించడం కష్టం. పడమటి కనుమలు మేఘాలను అడ్డుకుని వానను అటే కురిపించుకుంటాయి, మాకు ఒట్టి గాలి మిగులుతుంది. ఉరవకొండ, బెళుగుప్ప ప్రాంతాల్లో నిలబెట్టిన గాలిమరలు ఆ గాలిని నమ్ముకునే ఉన్నాయి. నా సాధన దారి పడమరకు పోతుంది. వెళ్ళేటప్పుడు ఎదురుగాలి, వచ్చేటప్పుడు వెనుకగాలి. పోగొట్టుకున్నది తిరిగి వస్తుంది కదా, లెక్క సరిపోతుంది అని మొదట్లో అనుకున్నాను. అది సరిపోదు. గాలి లేనప్పుడు 30 వేగంతో 10 కిలోమీటర్లు పోయి రావడానికి 40 నిమిషాలు. ఎదురుగాలిలో 22, వెనుకగాలిలో 38 వేగం వచ్చిందనుకుందాం. ఎనిమిది తగ్గింది, ఎనిమిది పెరిగింది. కానీ వెళ్ళడానికి 27 నిమిషాల పైన, రావడానికి 16 నిమిషాల లోపు పడతాయి. మొత్తం 43 నిమిషాలు. మనం ఎదురుగాలిలో గడిపే కాలమే ఎక్కువ. కాబట్టి శక్తిని సమానంగా పంచకూడదు. ఎదురుగాలిలో కాస్త ఎక్కువ పెట్టి, వెనుకగాలిలో కాస్త తీరిక తీసుకోవాలి. ఈ లెక్కను తరగతిలో పిల్లలకు కూడా చెప్పాను. సగటు వేగమంటే వేగాల సగటు కాదని వారికి ఇంత తేలికగా మరెన్నడూ అర్థం కాలేదు.

మరుసటి ఏడాది అదే పందెం, అదే 40 కిలోమీటర్లు. నా పాత అల్యూమినియం చక్రాలే, వాటికి పాతవూరు పెద్దాయన బెండు తీసి, బేరింగుల్లో కొత్త గుండ్లు వేసి, కొత్త గ్రీజు పెట్టాడు. 28 టైర్లు, ఆ రోడ్డు కాస్త నున్నగా ఉంటుంది గనుక సాధన కంటే ఐదేసి పౌండ్లు ఎక్కువ గాలి. ఒంటికి అతుక్కుని ఉండే జెర్సీ వేసుకున్నాను. వదులుగా ఉన్న చొక్కా గాలికి కొట్టుకుంటుంటే ఎంత నష్టమో మిట్ట మీద కొలిచి చూశాను. బయలుదేరడానికి రెండు గంటల ముందు రాగి అంబలి తాగాను. కొత్త ఆహారం ఏదీ ముట్టలేదు. కార్యకర్త వదలగానే మొదటి ఐదు నిమిషాలు కావాలనే వెనుకపట్టు పట్టాను. నా తరువాత బయలుదేరినవాడు మూడో కిలోమీటరులోనే నన్ను దాటిపోయాడు. అతని వెంట పడాలన్న తపనను అణచుకోవడం ఆ పందెం మొత్తంలో నేను చేసిన అత్యంత కష్టమైన పని. 31వ కిలోమీటరు దగ్గర అతనిని తిరిగి దాటాను. వెళ్ళడానికి 37 నిమిషాల 20 సెకన్లు, రావడానికి 35 నిమిషాల 45 సెకన్లు, మొత్తం 1 గంట 13 నిమిషాల 5 సెకన్లు. సగటు వేగం 30.3 నుండి 32.8కి పెరిగింది. ఘనపు లెక్క ప్రకారం ఇది నాలుగో వంతుకు పైగా అదనపు శక్తితో సమానం. అందులో నా కాళ్ళ వాటా కొంత మాత్రమేనని నాకు బాగా తెలుసు.

బరువుకు అసలు విలువే లేదని ఎవరైనా అర్థం చేసుకుంటే అది నా తప్పవుతుంది. ఎత్తు ఎక్కే దగ్గర బరువే రాజు. బెంగళూరు దగ్గరి నంది కొండ ఎక్కే పందెంలో ఆ సంగతి తెలిసివచ్చింది. మా జిల్లాలోకి ప్రవహించి వచ్చే పెన్న పుట్టింది ఆ కొండల్లోనే. 1478 మీటర్ల ఎత్తుకు పాములా మెలికలు తిరుగుతూ వెళ్ళే ఆ దారిలో ఏడున్నర కిలోమీటర్లు ఎక్కడానికి మొదటిసారి నాకు 41 నిమిషాలు పట్టింది. నేను 71 కిలోలు, సైకిలు, నీళ్ళ సీసా, బట్టలు కలిపి మొత్తం 82. ఎక్కుడులో కాలం దాదాపుగా మొత్తం బరువుకు అనుపాతంలో ఉంటుంది గనుక ఒక కిలో తగ్గితే 30 సెకన్లు మిగులుతాయి. అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య 2000 నుండి పందెపు సైకిలు 6.8 కిలోలకు తగ్గకూడదని నియమం పెట్టింది. అంటే ప్రపంచ విజేతలు వాడే సైకిలు తెచ్చుకున్నా నాకు మిగిలేది మూడు కిలోలు, ఒకటిన్నర నిమిషం. దానికి లక్షలు పోయాలి. నా శరీరంలో తగ్గించదగిన నాలుగు కిలోలకు ఖర్చేమీ లేదు. రాత్రి అన్నం మానేసి జొన్నరొట్టెకు మారి, ఏడు నెలల్లో 67కు చేరాను.

నంది మీద నన్ను నిజంగా దెబ్బతీసింది గేరు. ముందు 34 పళ్ళు, వెనుక 28 పళ్ళు నాకున్న అతి తేలిక గేరు. ఆ గేరులో పెడలు ఒక చుట్టు తిరిగితే సైకిలు రెండున్నర మీటర్లకు పైగా నడుస్తుంది. పైభాగంలోని నిటారు మలుపుల్లో నా వేగం గంటకు 8 కిలోమీటర్లకు పడిపోయినప్పుడు నిమిషానికి 52 చుట్లే తిరిగేవి. ప్రతి చుట్టుకూ లేచి నిలబడి బరువంతా వేయవలసి వచ్చింది, మోకాళ్ళు మూడు రోజులు నొప్పి పెట్టాయి. వెనుక పెద్ద చక్రానికి 32 పళ్ళున్న క్యాసెట్ (వెనుక పళ్ళచక్రాల గుత్తి) వేయించుకున్నాక అదే వేగానికి 60 చుట్లు తిరుగుతున్నాయి, కూర్చునే ఎక్కగలుగుతున్నాను. పెద్ద క్యాసెట్ కొనేముందు చైనును ఒక పళ్ళచక్రం నుండి మరొకదానికి మార్చే వెనుక డీరైలరు అంత పెద్ద పళ్ళచక్రాన్ని మోయగలదా అని చూసుకోవాలి, చైను పొడవు కూడా పెంచుకోవాలి. నాకు రెండు లింకులు అదనంగా పట్టాయి. రెండోసారి 36 నిమిషాల 40 సెకన్లలో పైకి చేరాను. తగ్గిన బరువుకు రెండు నిమిషాలు లెక్కగట్టినా, మిగిలిన రెండు నిమిషాలకు పైగా కాలంలో ఆ 32 పళ్ళకు పెద్ద వాటా ఇస్తాను. తేలిక గేరు వాడటం చేతగానితనమనే అభిప్రాయం మా వాళ్ళలో ఇంకా ఉంది. దానితో నేను ఏమాత్రం ఏకీభవించను.

నాతో ఆదివారాలు తొక్కే బ్యాంకు ఉద్యోగి మిత్రుడు నా లెక్కలను ఒప్పుకోడు. అతను కార్బన్ ఫ్రేము కొన్నాడు. గుంపుగా సాగే రోడ్డు రేసుల్లో ముందువాడి వెనుక గాలి తప్పించుకుంటూ వెళ్ళి, ఒక్కసారిగా వేగం అందుకోవలసినప్పుడు తేలిక సైకిలు ఇచ్చే స్పందన వేరని అతని వాదం. గుంపు రేసుల్లో నాకు అనుభవం తక్కువ, అతనికి ఎక్కువ. ఆ విషయంలో అతని మాటకే విలువ ఇస్తాను.

పోయిన ఆదివారం ఇంజనీరింగ్ చదువుతున్న ఒక అబ్బాయి 50 మిల్లీమీటర్ల లోతు చక్రాల సైకిలుతో కూడేరు మిట్టకు వచ్చాడు. ట్యూబులేని 28 టైర్లు, 70 పౌండ్ల గాలి. ఐదుసార్లు దొర్లితే సగటు 468 మీటర్లు వచ్చింది. నా అన్ని కొలతలకంటే ఎక్కువ. “చూసినారా సార్, చక్రాలదే తేడా” అన్నాడు సంతోషంగా. ఆ అంకెను నా నోటు పుస్తకంలో రాసుకున్నాను. కానీ అతను నాకంటే ఎనిమిది కిలోలు బరువు, బరువైనవాడు వాలులో ఎక్కువ దూరం దొర్లుతాడు. అతని చక్రాలు డిస్కు బ్రేకులవి గనుక నా ఫ్రేముకు పట్టవు. అతని సైకిలు మీద నేనే దొర్లాలి. సీటు దించడానికి అల్లెన్ కీ తీసేసరికి ఏడు కావచ్చింది, పడమర నుండి గాలి లేచింది, రోడ్డు పక్క చెట్ల కొమ్మలు ఊగుతున్నాయి. వచ్చే ఆదివారం ఐదున్నరకు కల్వర్టు దగ్గర కలుద్దామని చెప్పుకున్నాం. టేపు అతను తెస్తానన్నాడు, పంపు నేను తీసుకెళ్ళాలి.